ఫెంగ్‌యింగ్ పెరట్లో నల్లపట్టు

ఫెంగ్‌యింగ్ మొండిది. ఈ మాట ఆమె వెనకాల అనేవాళ్ళున్నారు, మొహం మీదే అనేవాళ్ళూ ఉన్నారు. మొహం మీద అంటే ఆమెకు కోపం రాదు. "మొండిదాన్నే. మొండితనం లేనివాళ్ళు పియోనీల జోలికి పోకూడదు, బీరపాదు పెట్టుకోవాలి" అంటుంది.

ఆమె పుట్టిల్లు చ్యావ్ పల్లె. చైనాలో హజ పట్నానికి తూర్పున, ఇల్లిల్లూ పియోనీ పూలచెట్లు పెంచే ఊళ్ళలో అదొకటి. ఆ చుట్టుపక్కల గోధుమ చేలు లేవని కాదు, ఉన్నాయి, కానీ వాటి గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. ప్రతి పాత ఇంటికీ మాదని చెప్పుకునే పువ్వొకటి ఉంటుంది. చ్యావ్ వారి పువ్వు నల్లపట్టు. నలుపంటే కాటుక నలుపు కాదు, బాగా మాగిన మల్బరీ పండు రంగు. రేకులు పట్టుగుడ్డలా మెరుస్తాయి, నడుమ పచ్చటి పుప్పొడి. ఆ చెట్టు వాళ్ళ ఇంటి వెనక దొడ్లో తప్ప మరెక్కడా లేదు. ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఫెంగ్‌యింగ్ తండ్రి మింగ్‌తాంగ్ బతుకంతా ఆ ఒక్క గొప్ప మీదే నడిచింది.

నల్లపట్టును పెంచాలంటే అంటు కట్టడం రావాలి. చెట్టు మొదట్లోంచి లేచిన పిలకను కోసి, దుంప పియోనీ అని ఇంకో రకం ఉంటుంది, మందుల కోసం అమ్మే రకం, దాని వేరుకు కడతారు. ఆ పని ఊళ్ళో కొడుకులకు నేర్పుతారు, కోడళ్ళకు నేర్పుతారు. కూతుళ్ళకు మాత్రం నేర్పరు. కూతురు పెళ్ళయ్యి పోతుంది, పోతూ పోతూ పనితనం కూడా పట్టుకుపోతుంది, ఇక ఆ పువ్వు ఏ ఇంటిదని చెప్పుకోవాలి? ఇదీ వాళ్ళ లెక్క. ఎవరు పెట్టిన లెక్కో గానీ, ఆడపిల్లల చేత నీళ్ళు మోయించడానికీ, కలుపు తీయించడానికీ, చలికాలం రాగానే మొదళ్ళకు మట్టి ఎగదోయించడానికీ ఏనాడూ అడ్డు రాలేదు.

తల్లి ఫెంగ్‌యింగ్ చిన్నప్పుడే పోయింది. ఇంటి పనీ దొడ్డి పనీ ఆ పిల్లే చూసుకునేది. పొద్దున మంచు కురవడం మొదలయ్యే ఆ శరత్కాలపు రోజుల్లో తండ్రీ అన్నా పాకలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాళ్ళు. ఈ పిల్ల తలుపు సందుకు కన్ను ఆనించి నిలబడేది. కత్తి కనబడేది. పిలక చివర సన్నగా చెక్కడం, వేరు తలను చీల్చడం, పిలకను అందులో దిగ్గొట్టి జనపనారతో చుట్టడం, పైన బురద పూయడం, అంతా కనబడేది. ఒకసారి తండ్రి పట్టుకున్నాడు. కొట్టలేదు. "పోయి జావ చూడవే, అడుగంటుతోంది" అన్నాడు. జావ అడుగంటడానికి అప్పటికింకా పొయ్యే రాజెయ్యలేదు.

తర్వాత అన్నకు పెళ్ళయింది. వదిన హ్వేయ్‌మిన్ వెల్లుల్లి పండించే ఊరి నుంచి వచ్చింది. పియోనీకీ బంతిపువ్వుకీ తేడా తెలియని మనిషి. వచ్చిన మొదటి శరత్కాలంలోనే మామగారు ఆమెను పూర్వీకుల పటం ముందు నిలబెట్టి, ఈ ఇంటి అంటు పని బయటివాళ్ళకు చెప్పనని ప్రమాణం చేయించి, పాకలోకి పిలిచాడు. తలుపు పడింది. ఫెంగ్‌యింగ్ రెండు చేతుల్లో రెండు బకెట్లతో బయట నిలబడిపోయింది. నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల లోపలి మనిషి, పుట్టిన దగ్గర్నుంచీ ఆ చెట్లకు చాకిరీ చేసిన తను బయటి మనిషి! ఏమైనా సరే, ఎన్నేళ్ళు పట్టినా సరే, నల్లపట్టును నా చేత్తో నేనే పూయిస్తాను అని ఆ బకెట్లు పట్టుకునే అనుకుంది.

ఏడేళ్ళ తర్వాత ఆమెకూ పెళ్ళయింది. మొగుడు బావ్‌షాన్ పట్నంలో నీటి పంపులు బాగుచేస్తాడు. మంచివాడు, కాస్త వెటకారం ఎక్కువ. వాళ్ళ ఇంటి వెనక పెరడంటే రెండు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ అటే పోయి ఎప్పుడూ చిత్తడిగా ఉండేది. ఫెంగ్‌యింగ్ కాపురానికి వచ్చి ఇల్లు సర్దుకోకముందే పగిలిన ఇటుకలు ఏరుకొచ్చి, పెరట్లో ఓ మూల ఎత్తుగా దిబ్బ పోసి, పైన మట్టి నింపింది.

"ఎవర్ని పూడుస్తావే ఇక్కడ?" అన్నాడు బావ్‌షాన్.

"నోరు ముయ్యకపోతే నిన్నే."

శరత్కాలం వచ్చింది. ఆ పక్క పెళ్ళయిన కూతుళ్ళు చందమామ పండగకు ముందు రొట్టెల బుట్ట పట్టుకుని పుట్టింటికి వెళ్ళి, పండగ నాటికి అత్తారింటికి తిరిగొచ్చేయాలి. ఫెంగ్‌యింగ్ బుట్ట పట్టుకుని వెళ్ళింది. తండ్రికి టీ పోసి ఇచ్చి అడిగింది.

"నాన్నా, నల్లపట్టు పిలక ఒకటియ్యవూ?"

"దేనికి?"

"మా పెరట్లో పెట్టుకుంటాను."

"మీ పెరట్లో ఉల్లికాడలు పెట్టుకో. బాగా వస్తాయి."

"ఉల్లికాడలు కొట్లో దొరుకుతాయి నాన్నా."

"అయితే ఇంకేం, కొనుక్కో."

అంతే. ఆయన టీ తాగేసి దొడ్లోకి పోయాడు. కళ్ళు తుడుచుకుంటూ ఫెంగ్‌యింగ్ గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకాలే వదిన వచ్చింది. ఆడపడుచును ఖాళీ బుట్టతో పంపకూడదు కదా, బుట్ట నిండా పెర్సిమన్ పళ్ళు నింపింది. పళ్ళ కింద తడిగుడ్డలో చుట్టిన పిలకలున్నాయి.

"వదినా!"

"అరవకు, ఆయన చెవులు పాము చెవులు. పుల్లలిస్తాను గానీ పని మాత్రం చెప్పను. పటం ముందు మొక్కాను. పుల్లల సంగతి ఆ మొక్కులో లేదు" అంది హ్వేయ్‌మిన్. నోరు గయ్యాళిదే గానీ మనసు వెన్న ఆ మనిషిది.

ఫెంగ్‌యింగ్ ఇంటికి పోయి ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది. సంతలో తాజాగా తవ్విన దుంప పియోనీ వేళ్ళు తెచ్చింది. తేవడం ఆలస్యం, కడిగి, కోసి, పిలకలు దిగ్గొట్టి, నార చుట్టి, దిబ్బలో పాతిపెట్టింది. చలికాలమంతా దాని మీది మట్టి చూసుకుంటూ గడిపింది. వసంతంలో తవ్వి చూస్తే నల్లగా కుళ్ళిన పుల్లలు చేతికొచ్చాయి.

మరుసటేడు మళ్ళీ. ఆ మరుసటేడు మళ్ళీ. వేరు చీల్చేటప్పుడు పచ్చి ముల్లంగిలా టప్పున పగిలిపోయేది. నార ఎంత బిగించినా సందు మిగిలేది, ఆ సందులో నీళ్ళు చేరేవి. కత్తి మొద్దుగా ఉందేమో అనుకుని కత్తి మార్చింది. చెయ్యి సరిగా లేదేమో అనుకుని ముల్లంగుల మీద సాధన చేసింది. ఆ చలికాలాలు ఇంట్లో రోజూ ముల్లంగి కూరే. వేళ్ళు ఇంకా తాజాగా ఉండాలేమో అనుకుని, తవ్వేవాళ్ళ వెంట పొలానికే పోయి, నేలలోంచి తీసినవి తీసినట్టు పరుగున తెచ్చి కట్టింది. అవి ఇంకా తొందరగా కుళ్ళాయి.

వీధిలో ఆడవాళ్ళకు అదో వేడుక. "ఫెంగ్‌యింగూ, ఈ ఏడు పంటెలా ఉంది? పుల్లలు పాతి పుల్లలు పీకావా?" అనేవాళ్ళు. "ఆ, మీ ఇంటికి వంటచెరుకు పంపమన్నారా?" అనేది ఈమె. పైకి అలా అనేదే గానీ, లోపలికొచ్చి తలుపేసుకున్నాక ఏడ్చేది. మళ్ళీ పండగ రాగానే బుట్ట తీసేది. వదిన మళ్ళీ పళ్ళ కింద పుల్లలు పెట్టేది. "ఎందుకే నీకీ బాధ? నా నోరు కట్టేశారు, లేకపోతే..." అని ఊరుకునేది. ఆ 'లేకపోతే' తర్వాతి మాట కోసం ఫెంగ్‌యింగ్ ఎన్నడూ పట్టుబట్టలేదు. ఒకరి చేత ఒట్టు తప్పించి నేర్చుకునే విద్య నాకొద్దు అనుకుంది. చెప్పానుగా, మొండిదని.

తొమ్మిదో శరత్కాలం. అప్పటికి వాళ్ళకో కొడుకున్నాడు. వేళ్ళు తెచ్చిన రోజే కొడుకు కాలి మీద సలసల కాగే మటన్ సూపు ఒలికింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. మంచం కింద పడేసిన వేళ్ళ సంగతే మర్చిపోయింది. కొన్నాళ్ళకు వాణ్ణి ఇంటికి తెచ్చాక చూసుకుంటే వేళ్ళు తోలుముక్కల్లా వడలిపోయి ఉన్నాయి.

"పారెయ్యవే, అవింకేం పనికొస్తాయి" అన్నాడు బావ్‌షాన్.

"తాజావి పెట్టి ఏం బావుకున్నాను గనక? పాతిపెట్టే పుల్లలే కదా, ఇవీ పాతిపెడతాను."

కత్తి పెట్టింది. వేరు పగల్లేదు. మెత్తగా, చెప్పిన మాట విన్నట్టు చీలింది. పిలక దిగ్గొడితే పెదవులు మూసుకున్నట్టు పట్టేసింది. ఫెంగ్‌యింగ్ చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. పుట్టింటి పాకలో వేళ్ళు రోజుల తరబడి నీడన పడి ఉండేవి. బద్ధకం కొద్దీ వదిలేశారనుకునేది తను! తలుపు సందులోంచి కత్తిని చూసింది, నారను చూసింది, బురదను చూసింది. ఆ పడి ఉండడమే సగం పని అని ఆమెకెలా తెలుస్తుంది? "ఛీ, నా బతుకు! కళ్ళ ముందే పెట్టుకుని తొమ్మిదేళ్ళు గుడ్డిదానిలా తిరిగానయ్యా" అని మొగుడితో అని, పడీ పడీ నవ్వింది. ఎందుకు నవ్వుతుందో ఆ మనిషికి అర్థం కాలేదు.

వసంతంలో దిబ్బలోంచి ఎర్రటి చిగురు లేచింది. మిగతా పుల్లలు పోయినా ఆ ఒక్కటీ నిలబడింది. రెండో వసంతంలో దానికి గోళీకాయంత మొగ్గ వచ్చింది. బావ్‌షాన్ వీధంతా చెప్పి వచ్చేసరికి ఫెంగ్‌యింగ్ ఆ మొగ్గను గిల్లి పారేసింది.

"పిచ్చి పట్టిందా నీకు? పదేళ్ళ నుంచి దీనికోసమే కదే ప్రాణం తీశావు!"

"పసిమొక్కను పూయనిస్తే వేరు సత్తువ లాగేస్తుంది. ఇంకో ఏడు ఆగుతాను."

"నేను ఆగలేనే!"

"నువ్వు పూయడం లేదుగా" అంది. అని పెరట్లోంచి లోపలికి వచ్చి, కొంగులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గిల్లిన వేలికి ఆ మొగ్గ జిగురు రోజంతా అంటుకునే ఉంది.

మరుసటేడు నల్లపట్టు పూసింది. రవ్వంత తేడా లేకుండా పుట్టింటి పువ్వే. వీధి వీధంతా పెరట్లోకి వచ్చింది, పుల్లల మాట ఎత్తినవాళ్ళతో సహా. పువ్వు చిన్నది కాదు కదా, వార్తా చిన్నది కాలేదు. చ్యావ్ పల్లెలో మింగ్‌తాంగ్ చెవిన పడింది.

ఆయన చూడటానికి రాలేదు. కొత్త సంవత్సరం రెండో రోజున, కూతుళ్ళు పుట్టింటికి వెళ్ళే రోజున, ఫెంగ్‌యింగ్ పిల్లవాణ్ణి తీసుకుని వెళ్తే గేటు లోపల గడియ వేసి ఉంది.

"ఎవరూ?"

"నేను నాన్నా, ఫెంగ్‌యింగ్‌ని."

"దొంగలకు ఈ ఇంట్లో చోటు లేదు."

లోపల వదిన ఏదో అనబోతుంటే ఆయన గదిమిన చప్పుడు వినిపించింది. పుల్లలు ఎవరిచ్చారో ఫెంగ్‌యింగ్ చెప్పలేదు. తెచ్చిన సంచీ గేటు ముందు పెట్టి వెనక్కి తిరిగింది. ఆ మరుసటేడూ వెళ్ళింది, అప్పుడూ గడియే. ఆ ఏడూ సంచీ పెట్టి వచ్చింది. దొంగనే అనుకోనీ, కూతురినన్నది మాత్రం ఎలా కాదంటాడో చూస్తాను అనేది.

ఆ ఏడు వేసవి చివర వాన పట్టుకుంది. పియోనీకి చలి లెక్క లేదు, ఎండ లెక్క లేదు, వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే మాత్రం బతకదు. చ్యావ్ వారి దొడ్డి పల్లంలో ఉంది. ఊళ్ళో రోడ్డు ఎత్తు చేశాక నీళ్ళు పోయే దారి మూసుకుపోయింది. మింగ్‌తాంగ్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బకెట్లతో తోడాడట. వాన తగ్గాక తవ్వి చూస్తే ఏ మొదలు పట్టుకున్నా ఊడి చేతికొచ్చింది. తాతల నాటి నల్లపట్టు ఒక్కటీ మిగల్లేదు. ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్ళింట్లో ఉండేది. ఎవరికీ ఇవ్వలేదు కదా.

ఫెంగ్‌యింగ్ పెరట్లోనూ నీళ్ళు నిలిచాయి. ఇటుకల దిబ్బ మీద చెట్టు మాత్రం ఆకు కూడా రాల్చలేదు.

మంచు పడే పొద్దులు మొదలయ్యాయి. ఒక ఉదయం గుమ్మం ముందు మూడు చక్రాల బండి ఆగింది. నడుపుతున్నది అన్న కూతురు సూనింగ్. అన్నకు ఆమె ఒక్కతే సంతానం, పంతొమ్మిదేళ్ళ పిల్ల. వెనక మూటలా కూర్చున్నాడు మింగ్‌తాంగ్. అంత పెద్ద మనిషి ఆ రెండు నెలల్లో సగమైపోయాడు.

"రా నాన్నా" అంది ఫెంగ్‌యింగ్. ఇంకో మాట అనలేదు. గడియలు గుర్తు రాలేదని కాదు.

ఆయన టీ ముట్టుకోలేదు. సూటిగా పెరట్లోకి వెళ్ళి చెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆకు తిప్పి చూశాడు, మొదట్లో మట్టి గోకి చూశాడు.

"పిలకలు బాగా లేచాయి" అన్నాడు.

"లేచాయి."

"నాకు కావాలి."

"తీసుకో నాన్నా. అన్నీ తీసుకో. నేనూ ఈ పూట అంటు కడదామనే అనుకున్నాను, వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. కానీ ఒక్క మాట. అంటు సూనింగ్ కట్టాలి. ఇక్కడే, మన ముందే, తలుపులన్నీ తీసి."

ఆయన తలెత్తాడు. "అది ఆడపిల్ల."

"చూశాను. చిన్నప్పుడు నేనే స్నానం చేయించాను."

"దానికి పెళ్ళవుద్ది. దాని మొగుడు ఇల్లరికం వచ్చాక వాడికి నేర్పుతాను."

"వాడి పేరేంటో నాకే తెలీదు తాతా" అంది సూనింగ్. "నాకంటే ముందు వాడికి చెట్టుతో పెళ్ళి చేస్తావా ఏంటి?"

"నువ్వు నోరుముయ్!" అని ఆయన లేచాడు. "నాకేం అక్కర్లేదు. పోనీ, వంశంతో పాటు పువ్వు కూడా పోనీ." విసవిసా బయటికి నడిచి వెళ్ళి బండెక్కి కూర్చున్నాడు. "పద!" అని అక్కణ్ణుంచే కేక.

సూనింగ్ కదల్లేదు. బండి తాళం జేబులో వేసుకుని, "నేను రావట్లేదు తాతా, నాకు పనుంది" అని చిన్న పీట లాక్కుని కూర్చుంది. ఫెంగ్‌యింగ్ వీధి వైపు చూసింది. ఆయన నిజంగానే నడిచి వెళ్ళిపోతే? నడిచి వెళ్ళిపోగల మనిషే, తన తండ్రే కదా! అయినా వెనక్కి తగ్గలేదు. మంచం కింది నుంచి వడలిన వేళ్ళు తెచ్చింది, పిలకలు కోసింది, వీధి తలుపు బార్లా తీసిపెట్టి మేనకోడలి చేతికి కత్తి ఇచ్చింది.

పిల్ల వేరు తల మీద కత్తి పెట్టింది. కత్తి పక్కకు జారింది.

"అలా కాదే!" వీధిలోంచి గట్టిగా కేక. "వేలు తెగ్గోసుకుంటావు! ఆపు!"

ఆయన బండి దిగాడు. గుమ్మం దాటాడు. మనవరాలి చేతిలోంచి వేరు లాక్కున్నాడు. లాక్కుని, బొటనవేలితో నొక్కాడు. వంచాడు. అది విరగకుండా వంగింది. ఆయన మొహంలో కోపం ఎటో పోయింది.

"దీన్ని నీడన వాడబెట్టాలని నీకెవరు చెప్పారు? హ్వేయ్‌మినా?"

"వదిన చెప్పలేదు. పటం ముందు మొక్కిందిగా, ఆ మొక్కు తప్పలేదు. ఎవరూ చెప్పలేదు నాన్నా."

"మరి?"

"కుళ్ళిపోతూ ఉంటే తెలిసింది."

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

మింగ్‌తాంగ్ ఇంకో పీట మీద కూర్చుని చేతిలోని వేరు వైపు చూశాడు. "నేను చెప్పి ఉంటే ఒక్క పూట" అన్నాడు.

"అవును నాన్నా" అంది ఫెంగ్‌యింగ్. "ఒక్క పూటే."

ముసలాయన చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, పీట దగ్గరికి జరుపుకున్నాడు. వేరును తిరిగి మనవరాలి ఎడమ చేతిలో పెట్టి, ఆ చెయ్యిని తన చేత్తో పట్టుకున్నాడు.

"బొటనవేలు కింద ఉండాలమ్మా, పైన కాదు. కత్తిని లాగకూడదు, వేరునే కత్తి మీదికి తేవాలి. తెలిసిందా?" అని తల తిప్పి కూతురి కోసం చూశాడు. "ఫెంగ్‌యింగూ, అంత దూరంగా నిలబడ్డావేంటే? అక్కణ్ణుంచి ఏం కనబడుద్ది? ఇలా రా, దగ్గరికొచ్చి కూర్చుని చూడు."

ఆమెకు తెలియనిది అందులో ఏమీ లేదు. అయినా వచ్చి, ఆయన పక్కన నేల మీద కూర్చుని, మొదటి నుంచీ చూసింది.